గోధుమ మానేసిన ఇళ్ళలో రోజూ ఏం వండుతున్నారు? (సీలియాక్ ఉన్నవాళ్ళు, వాళ్ళకి వండేవాళ్ళు రండి)

కరివేప_కొమ్మ | హైదరాబాద్
అందరికీ నమస్తే. మా పాపకి ఎనిమిదేళ్ళు. ఎప్పుడూ పొట్ట ఉబ్బరం, తోటి పిల్లల కన్నా పొట్టిగా ఉండిపోవడం, ఐరన్ సిరప్ ఎంత పోసినా హిమోగ్లోబిన్ పెరగకపోవడం, ఇలా చాలాకాలం తిరిగాక టీటీజీ అనే రక్త పరీక్ష, తర్వాత ఎండోస్కోపీలో బయాప్సీ చేసి సీలియాక్ (గోధుమ లాంటివి తింటే పేగు దెబ్బతినే జబ్బు) అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ధాన్యం) జీవితాంతం వద్దన్నారు. డైట్ చార్ట్ ఇచ్చారు గానీ అందులో క్వినోవా సలాడ్, బాదం పిండి బ్రెడ్ ఇలాంటివి ఉన్నాయి, మా ఇంట్లో అవి ఎవరం తినం, రోజూ కొనే స్తోమత కూడా లేదు. నాకు కావాల్సింది పాపకి వేరు గిన్నె, మాకు వేరు గిన్నె అనే పరిస్థితి రాకుండా అందరం ఒకటే వంట తింటూ అది బాగా ఎదగడం. మా అత్తయ్యగారేమో చిన్న ముక్క తింటే ఏమవుతుందమ్మా అంటున్నారు, ప్రేమతోనే. ఎలా చెప్పాలో తెలీట్లేదు.

పూతరేకు | రాజమండ్రి
అమ్మా ముందు ధైర్యంగా ఉండు. మా అబ్బాయికి చిన్నప్పుడే తేలింది, ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఆరడుగులు. నువ్వు ఆ చార్ట్ పక్కన పెట్టి నీ వంటింట్లో ఉన్నవి ఒక్కసారి చూసుకో. అన్నం, పప్పు, కూర, పులుసు, పెరుగు, ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, గారెలు, పులిహోర, పరమాన్నం, ఉండ్రాళ్ళు, అరిసెలు, సున్నుండలు, జంతికలు, వీటిలో గోధుమ ఎక్కడుంది? మన తాతల కాలం వంటలో సగానికి పైగా గ్లూటెన్ (గోధుమ, బార్లీ, రైలో ఉండే ప్రోటీన్, పడనిది అదే) లేదు. చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్, సేమియా, బొంబాయి రవ్వ ఉప్మా, ఇవన్నీ తర్వాత అలవాటైనవి. అందుకని మానేయాల్సిన వాటి లిస్టు కాకుండా తినగలిగిన వాటి లిస్టు రాసి పాప చేతే గోడకి అంటించు, అది ఎంత పొడుగ్గా వస్తుందో దానికే ఆశ్చర్యంగా ఉంటుంది.

సంగటి_ముద్ద | కడప
పైన చెప్పింది కరెక్టే గానీ ఒకటి మర్చిపోవద్దండి, ఇంగువ! మనం డబ్బాలో కొనే ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది జిగురు, పిండి. ఆ పిండి చాలా కంపెనీల్లో మైదానో గోధుమ పిండో ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది చూడండి. ముద్ద ఇంగువ కదా స్వచ్ఛం అనుకుంటారు, అది కూడా చాలావరకు కలిపిందే. బియ్యప్పిండి కలిపినవి దొరుకుతాయి, అది కొనుక్కోండి, లేదంటే పోపులో వెల్లుల్లి వేసుకోండి. చారు, పులిహోర, మాగాయ పోపు, కంది పొడి, బయట కొన్న సాంబార్ పొడి, అప్పడాలు, అన్నిట్లో ఇంగువ ఉంటుంది కాబట్టి గోధుమలు పూర్తిగా మానేసినా పరీక్షలో నంబర్ తగ్గట్లేదు అనేవాళ్ళు ముందు పోపుల పెట్టె చూసుకోవాల.

కరివేప_కొమ్మ
అయ్యో ఇప్పుడే చూశా సంగటి_ముద్ద గారూ, మా డబ్బా మీద "గోధుమ పిండి" అనే ఉంది!! రోజూ చారులో వేస్తున్నాం. చాలా చాలా థాంక్సండి.

సకినాల_సంక్రాంతి | కరీంనగర్
అక్కా, గిర్ని సంగతి ఎవ్వరు చెప్పలే. నువ్వు బియ్యం మంచిగ కడిగి ఆరబోసి గిర్నికి తీస్కపోతవ్, గాయన అంతకుముందే ఎవరియో గోధుమలు పట్టి ఉంటడు, గా పిండి అంత రాళ్ళల్ల ఉంటది, మన బియ్యప్పిండిల కలుస్తది. దుకాణంల లూజుగ అమ్మే జొన్న పిండి, శనగపిండి గూడ గంతే. మేమైతే ఇంట్ల చిన్న పిండి మిషిన్ పెట్టుకున్నం, ఒక్కసారి పైసలు పెడితే ఏండ్లకేండ్లు వస్తది. లేకపోతే మిక్సీల పట్టుకో. జొన్నలు, కొర్రలు, కందిపప్పు గూడ లూజువి తెస్తే చాటల పోసి ఏరు, గోధుమ గింజలు అక్కడక్కడ తలుగుతయి, ఏరినంక కడిగి ఎండబెట్టి పట్టు. సకినాలు, సర్వపిండి, జొన్న రొట్టె మా బిడ్డకు రోజూ ఇవే. స్కూల్ల దోస్తులు సర్వపిండి కోసం మా బిడ్డ డబ్బ చుట్టు తిరుగుతరు, బిస్కెట్లు ఎవ్వరు అడుగుతలేరు.

మిరపకాయ_బజ్జీ | గుంటూరు
జొన్న రొట్టె నాకు విరిగిపోతుంది, గుండ్రంగా రాదు, దానివల్లే చపాతీ వదల్లేకపోతున్నా. ఏదన్నా చిట్కా ఉంటే చెప్పండి ప్లీజ్.

సకినాల_సంక్రాంతి
నీళ్ళు సలసల మసలాలె, గోరువెచ్చటి నీళ్ళు పనికిరావు. జొన్న పిండిల సాగే గుణం లేదు గద, గా వేడి నీళ్ళతోనే పిండి సగం ఉడికి అంటుకుంటది. కొంచెం ఉప్పు వెయ్యి, మసలే నీళ్ళు పోసి గరిటెతో కలుపు, చెయ్యి పట్టేంత వేడి కాంగనే అరచేత్తో మంచిగ మెదుపు, ఎంత మెదిపితే అంత మంచిగొస్తది. ఎప్పటిదప్పుడు కలపాలె, పొద్దుగాల కలిపి రాత్రికి చేస్త అంటె పగుల్తది. పీట మీద పొడి పిండి చల్లి చేత్తో తట్టు, కర్రతోని వద్దు. పెనం మీద వేసినంక పైన తడి బట్టతోని తుడువు. పిండి కొత్తగ పట్టిందైతెనే మంచిగొస్తది, పాత పిండి ఎంత చేసినా పగుల్తది.

తెల్ల_కోటు | విజయవాడ
నేను డైటీషియన్‌ని. ఈ చర్చ చదివేవాళ్ళలో ఇంకా పరీక్ష చేయించుకోని వాళ్ళు కూడా ఉంటారు కాబట్టి రాస్తున్నా. దయచేసి పరీక్షకి ముందు గోధుమలు మానేయకండి. టీటీజీ గానీ బయాప్సీ గానీ గోధుమలు తింటూ ఉన్నప్పుడే సరిగ్గా చూపిస్తాయి, మానేశాక చేస్తే ఉన్న జబ్బు కూడా లేనట్టు రావచ్చు, అప్పుడు మళ్ళీ కొన్ని వారాలు తిని చేయించుకోవాలి, అదొక నరకం. సీలియాక్ అనేది అలర్జీ కాదు, అజీర్తీ కాదు. గ్లూటెన్ చూసి ఒంట్లో రక్షణ వ్యవస్థే పేగు లోపలి గోడ మీద దాడి చేస్తుంది, ఆ గోడ దెబ్బతిని ఐరన్, కాల్షియం, విటమిన్లు ఒంటికి పట్టవు. అందుకే కొందరికి పొట్ట నొప్పే ఉండదు, రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది, కొందరికి మోచేతులు, మోకాళ్ళ మీద దురద పొక్కులు వస్తాయి.

2016లో వచ్చిన మన దేశపు సర్వేలో ఉత్తరాదిలో నూటికి ఒకరి కన్నా కొంచెం ఎక్కువగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఉన్నట్టు తేలింది. మన దగ్గర తక్కువ కాబట్టి డాక్టర్లకి కూడా వెంటనే తట్టదు. కరివేప_కొమ్మ గారూ, మీరు, మీ వారు, పాపకి తోబుట్టువులుంటే వాళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది. కొన్నాళ్ళు పాలు పడకపోవచ్చు, పేగు గోడ మానాక చాలామందికి మళ్ళీ పడతాయి, కాబట్టి పాలు జన్మలో వద్దని తీర్మానించుకోకండి. మీ అత్తయ్యగారికి ఇలా చెప్పండి: గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లెక్కలో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, ఒక్క చపాతీలో అయితే గ్రాముల లెక్కలో ఉంటుంది. చిన్న ముక్క కూడా లోపల పుండు చేస్తుంది, పైకి కనపడదు అంతే.

పూతరేకు
తెల్ల_కోటు గారు చెప్పింది నిజం. మా అత్తగారు కూడా ఇట్లాగే అనేవారు. ఆవిడ్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఎండోస్కోపీ ఫొటో చూపించి మాట్లాడించాం, అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో గోధుమ పిండికి కాపలా ఆవిడే. కోడలు చెప్తే ఒకలాగా ఉంటుంది, డాక్టర్ చెప్తే ఒకలాగా ఉంటుంది.

డాలస్_దోశ | టెక్సాస్
మేము అమెరికాలో ఉంటాం, నాకే సీలియాక్. ఇక్కడ ప్యాకెట్ల మీద గోధుమ ఉంటే రాయాలని చట్టం ఉంది, కానీ బార్లీకి అలా లేదు, కాబట్టి ఆలర్జెన్ లైన్ (అలర్జీ తెప్పించేవి రాసే వరుస) ఒక్కటే చూసి వదిలేయకుండా మాల్ట్, మాల్ట్ ఫ్లేవర్ అని ఎక్కడన్నా ఉందేమో మొత్తం చదవాలి. ఇంగ్లండ్‌లో ఉన్న మా చెల్లి అయితే బార్లీ, రై కూడా రాయాల్సిందేనంటుంది, హోటళ్ళు కూడా అడిగితే చెప్పి తీరాలి. ఇండియన్ స్టోర్‌లో శనగపిండి, రాగి పిండి ప్యాకెట్ల మీద గోధుమ కలిసే అవకాశం ఉంది అని చాలా వాటి మీద ఉంటుంది, నేను సర్టిఫైడ్ ముద్ర ఉన్నవే కొంటా. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, ఇండో చైనీస్ మొత్తం మానేశా. మాల్ట్ అంటే బార్లీ, హార్లిక్స్ లాంటివి వద్దు. రాగి మాల్ట్ వేరు, అది ఇంట్లో రాగులు మొలకెత్తించి చేసిందైతే హాయిగా తాగొచ్చు.

ఓట్స్ సంగతి ఎవరికన్నా అనుభవం ఉందా?

తెల్ల_కోటు
ఓట్స్‌లో సహజంగా గ్లూటెన్ లేదు, కానీ పొలంలో, మిల్లులో గోధుమతో కలుస్తుంది. గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్నవి మాత్రమే, అది కూడా పేగు కోలుకున్నాక, డాక్టర్‌ని అడిగి కొద్దిగా మొదలుపెట్టాలి. కొద్దిమందికి ఆ స్వచ్ఛమైన ఓట్స్ కూడా పడవు.

సంగటి_ముద్ద
ఓట్స్ ఎందుకండీ అసలు మనకి, కొర్రన్నం, సజ్జ రొట్టె, రాగి సంగటి ఊరిబిండితో తింటే దాని ముందు ఏదీ నిలబడదు. కొంతమంది గ్లూటెన్ ఫ్రీ అంటే ఆ పేరుతో అమ్మే బిస్కెట్లు, కేకులు, నూడుల్స్ కొని పెడతారు, రేటు చూస్తే మూడింతలు, లోపల చూస్తే పిండి, చక్కెర, నూనె. ఉట్టి తెల్లన్నం మూడు పూటలా తిన్నా అంతే, పీచు ఉండదు, బరువు పెరుగుతారు. ఒకపూట అన్నం, ఒకపూట రాగి, జొన్న, కొర్ర, సామ, అరికె ఏదో ఒకటి మార్చి మార్చి తినాల. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించినాక ఇప్పుడు టౌన్లలో కూడా అన్నీ దొరుకుతాయి.

తెల్ల_కోటు
దీనికి నేను రెండు చేతులూ ఎత్తి ఓటేస్తా. పైన ఆకుకూర పప్పు, వేరుశనగ, నువ్వులు, గుడ్డు ఉంటే ఇంకేం కావాలి.

చార్మినార్_చాయ్ | హైదరాబాద్
మా ఊరి తిండి గురించి నేను చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్ళు ఇబ్బంది పడతారు. హలీం పూర్తిగా వద్దు, అందులో గోధుమలే ప్రాణం. డబుల్ కా మీఠా బ్రెడ్‌తోనే. ఉస్మానియా బిస్కెట్ మైదా. బిర్యానీలో బియ్యం, మాంసమే కదా అని అందరూ తినేస్తారు కానీ దమ్ పెట్టేటప్పుడు హండీ మూత చుట్టూ గోధుమ పిండి ముద్దతో సీల్ చేస్తారు, మూత తీసేటప్పుడు ఆ పిండి పెళుసులై బియ్యంలో పడుతుంది. ఇంట్లో అయితే అల్యూమినియం ఫాయిల్ గట్టిగా చుట్టి పైన బరువు పెట్టండి, దమ్ బ్రహ్మాండంగా వస్తుంది. రంజాన్‌కి మా ఇంట్లో జొన్న రవ్వ, కొంచెం బియ్యం, మినప్పప్పు, శనగపప్పు కలిపి మాంసంతో హలీంలా వండుతాం, గోధుమ జిగురు రాదు నిజమే, కానీ బాగా మెత్తగా దంచితే, పైన వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ, నెయ్యి పడితే పిల్లలు గిన్నెలు ఖాళీ చేస్తారు.

టిఫిన్ సెంటర్ల సంగతి. పునుగుల్లో మైదా కలుపుతారు, మైసూర్ బోండా మైదానే, రవ్వ దోశలో బొంబాయి రవ్వ, ఉప్మా పెసరట్టులో ఉప్మా. మామూలు దోశ అడిగినా అదే పెనం మీద అంతకుముందు రవ్వ దోశ వేసి ఉంటాడు. ఇడ్లీ ఒక్కటే నాకు ధైర్యం, అది కూడా సాంబార్ లేకుండా, పొడి నేను ఇంటి నుంచి తీసుకెళ్తా.

కరివేప_కొమ్మ
అబ్బ ఎంత తెలుసుకున్నానో ఈ రెండు రోజుల్లో. ఇంట్లో గోధుమ పిండి పూర్తిగా తీసేయాలా? మా ఆయనకి రాత్రిళ్ళు చపాతీ ఉండాలి.

పూతరేకు
తీసేస్తే అందరికన్నా మంచిది, లేకపోతే గట్టి హద్దు పెట్టుకోవాలి. గోధుమ పిండి జల్లెడ వేస్తే గాల్లో లేచి అన్నిటి మీదా పడుతుంది. చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటె, జల్లెడ, పెనం పాపవి వేరుగా ఉంచాలి, చెక్కలో పిండి ఇరుక్కుంటే కడిగినా పోదు. పాప వంట ముందు అయిపోవాలి. వెన్న, జామ్ డబ్బాలో బ్రెడ్డుకి తగిలిన స్పూన్ మళ్ళీ పెట్టకూడదు. మా ఇంట్లో అయితే మా ఆయనే ఇంట్లో చపాతీ నాకూ వద్దు, కావాలంటే బయట తినొస్తా అన్నారు, ఆ మాటతో పిల్లాడికి ఎంత బలం వచ్చిందో.

లంక_గ్రామం | కోనసీమ
పండగలకి మాత్రం అస్సలు బాధపడక్కర్లేదండి. బొబ్బట్లకి మైదా కావాలి, అదే పూర్ణం బూరెలు చేయండి, పైన తోపు పిండి మినప్పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బిందే కదా, లోపల పూర్ణం అదే. కాజాలు వద్దు, పూతరేకులు తినండి, ఆత్రేయపురం వాళ్ళు బియ్యపు పిండి పాలతోనే రేకు తీస్తారు. కజ్జికాయలు వద్దు, అరిసెలు తినండి. సేమియా పాయసం బదులు సగ్గుబియ్యం. వినాయక చవితికి ఉండ్రాళ్ళు, కుడుములు మామూలే.

ప్రసాదాల దగ్గర జాగ్రత్త. తిరుపతి లడ్డూ శనగపిండితో చేస్తారు, అన్నవరం ప్రసాదం మాత్రం ఎర్ర గోధుమ నూకతో చేస్తారు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే బొంబాయి రవ్వకి బదులు బియ్యపు రవ్వ నేతిలో వేయించి చేసుకోవచ్చు, మా పురోహితులు గారు భక్తితో చేసింది ఏదైనా నైవేద్యమే అన్నారు. గుడిలో పెడితే కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇవ్వమని పాపకి నేర్పండి, అందులో తప్పేం లేదు.

మిరపకాయ_బజ్జీ
మేము చర్చికి వెళ్తాం. ప్రభువు బల్లలో ఇచ్చే రొట్టె గురించి పాస్టర్ గారితో ముందే మాట్లాడితే మా అక్క కోసం బియ్యప్పిండితో చేసిన చిన్న రొట్టె వేరే పళ్ళెంలో పెట్టడానికి ఒప్పుకున్నారు. కేథలిక్కుల్లో అయితే అప్పంలో గోధుమ బొత్తిగా లేకుండా ఉండకూడదని 2017లో వాటికన్ మళ్ళీ స్పష్టం చేసింది, గ్లూటెన్ బాగా తగ్గించినవి వాడొచ్చు, లేదా ద్రాక్షరసం ఒక్కటే తీసుకోవచ్చు. ఫాదర్ గారిని ముందుగా అడగండి, సిగ్గుపడకండి.

చందమామ_కథ | బెంగళూరు
నాకు ధైర్యం ఇచ్చిన విషయం ఒకటి రాయాలనిపించింది. ఒకప్పుడు ఈ జబ్బుకి కారణమే తెలీదు, చాలామంది పిల్లలు చిక్కి శల్యమై చనిపోయేవారు. విల్లెం డికీ అనే డచ్ పిల్లల డాక్టర్‌కి గోధుమ మీద ముందు నుంచే అనుమానం. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువు, రొట్టె దొరికేది కాదు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ పిల్లలు మాత్రం కోలుకున్నారు, మళ్ళీ రొట్టె రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన దీని మీద థీసిస్ రాశారు. ఇవాళ మన పిల్లలు మందు లేకుండా తిండితోనే మామూలుగా బతుకుతున్నారంటే ఆయన చూపించిన దారే. రక్తం తీయించుకునేటప్పుడు మా బాబుకి ఈ కథే చెప్పేదాన్ని.

కరివేప_కొమ్మ
ఇది పాపకి ఈ రాత్రే చెప్తా 🙏 ఇంకో దిగులు, స్కూల్లో పుట్టినరోజులు. కేక్ ముక్క అందరికీ ఇచ్చి దీనికి ఇవ్వకపోతే ఏడుస్తుంది.

సకినాల_సంక్రాంతి
టీచరమ్మ దగ్గర ఒక డబ్బ పెట్టు అక్కా, సున్నుండలు, పల్లి పట్టీలు, నువ్వుల లడ్డూలు. ఎవరి పుట్టినరోజున్నా గా డబ్బల నుంచి ఒకటి తీసి ఇయ్యమని చెప్పు. ఇంకోటి, పిల్లలు ఆడే మెత్తటి రంగుల ముద్ద ఉంటది చూడు, ప్లే డో అంటరు, దాంట్ల గోధుమ పిండే ఉంటది. ఆడినంక చేతులు సబ్బుతోని కడగమను. కాయితాలు అంటించెటందుకు మైదా ఉడకబెట్టి జిగురు చేస్తరు గద, గది గూడ.

డాలస్_దోశ
నేను కేక్ చేస్తా, బియ్యప్పిండి, కొంచెం మొక్కజొన్న పిండి, గుడ్లు, పెరుగు, పట్టు కోసం ఒక స్పూను ఇసబ్‌గోల్ పొట్టు. పిండి కలిపాక పావుగంట ఆగితే ఆ పొట్టు నీళ్ళు పీల్చుకుని సాగుతుంది, అప్పుడు ఓవెన్లో పెట్టాలి. మరీ మెత్తగా స్పాంజ్‌లా రాదు గానీ రుచికి ఢోకా లేదు. పాప పుట్టినరోజుకి అదే కేక్ అందరికీ పంచండి.

చెరుకు_బండి | అనకాపల్లి
మా తమ్ముడు ఈ ఏడు ఇంటర్‌కి హాస్టల్లో చేరాలి. మెస్‌లో రాత్రి చపాతీ, పొద్దున్న ఉప్మా, పూరీ. ఇంట్లో అయితే పర్లేదు, బయట ఎలా? దీనికి ఎవరైనా చెప్పండి అన్నా.

పూతరేకు
మా వాడిని కూడా హాస్టల్లోనే ఉంచాం బాబూ. డాక్టర్ లెటర్ తీసుకుని చేరక ముందే వార్డెన్‌ని, వంట మేస్త్రిని ఇద్దర్నీ కలవండి, వార్డెన్‌కి చెప్తే వంటింటికి చేరదు. పెద్దగా ఏమీ అడగొద్దు, మూడే అడగండి: పోపు వేయకముందు ఒక గిన్నెడు పప్పు తీసి పెట్టడం, వడ్డన మొదలయ్యే ముందే వీడికి అన్నం పెట్టేయడం, రాత్రికి చపాతీ బదులు అన్నమే ఇవ్వడం. వాళ్ళకి పని పెరగదు కాబట్టి ఒప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో కూడా మేమిదే చేస్తాం, మొదటి పంక్తిలో కూర్చోబెడతాం, గరిటెలు అప్పటికింకా కలవవు. గదిలో ఉంచుకోడానికి కంది పొడి, నువ్వుల పొడి, నెయ్యి, అటుకులు, వేయించిన పల్లీలు, అరటిపళ్ళు. రైస్ కుక్కర్‌కి పర్మిషన్ ఇస్తే ఇంకేం అక్కర్లేదు. ఒక్కో హాస్టల్లో ఒప్పుకోరు, ముందే అడిగి చేర్పించండి. రూమ్మేట్లకి మొదటి రోజే చెప్పేయమనండి, మా వాడి స్నేహితులైతే బయటికెళ్తే వాళ్ళే ఇడ్లీ హోటల్ వెతికేవారు.

చెరుకు_బండి
థాంక్స్ ఆంటీ, రేపే వెళ్ళి వంట మేస్త్రితో మాట్లాడి వస్తా. ఇసబ్‌గోల్ కేక్ కొలతలు కూడా కొంచెం వివరంగా పెట్టండి డాలస్_దోశ గారూ, వాడు వెళ్ళే ముందు ఒకసారి చేసి పెడతాం.